కలం ఎత్తిన సంతకం

కొక్కెం జీవితంలో మొదటి గెలుపు క్రేన్ పరీక్ష. అదీ ఊరికే రాలేదు, మూడోసారికి చచ్చీచెడీ దక్కింది. రేవులో ఆ పరీక్ష ఎలా పెడతారంటే, క్రేన్‌కి నిండు నీళ్ల పీపా తగిలించి, నేలలో పాతిన కర్రల మధ్యనుంచి మెలికలు తిప్పుతూ తీసుకెళ్లి, సున్నంతో గీసిన గుండ్రంలో దించాలి. కర్ర పడకూడదు. నీళ్లు తొణకకూడదు. మొదటిసారి గాలి లేచి పీపా ఊయలూగింది. రెండోసారి కిందనుంచి సైగ చేసేవాడు ఎడమ చూపించబోయి కుడి చూపించాడు. తప్పు వాడిదని వాదించినందుకు పిల్లని కిందికి దింపేశారు. మూడోసారి పీపా గుండ్రంలో కూర్చున్నాక, పరీక్ష పెట్టే పెద్దమనిషి వంగి నేల తడిమి చూశాడు. పొడిగా ఉంది. ఆడపిల్ల ఇంత నిలకడగా దించిందంటే ఏదో కిటుకుందని ఆయన అనుమానం. "మళ్లీ చెయ్యి," అన్నాడు. మళ్లీ చేసింది. మళ్లీ తడిమాడు. మళ్లీ పొడే. ఆ రోజునుంచి రేవులో ఆమెకి కొక్కెం అని పేరు పడింది. తగిలించింది జారదు అని దాని అర్థం. పేరు రేవునుంచి ఇంటికీ నడిచొచ్చింది.

ఆ తర్వాత చేసినవి చెప్పుకుంటూ పోతే చాలా ఉన్నాయి. ఆ రేవులో పెద్ద క్రేన్ ఎక్కిన మొదటి ఆడమనిషి ఆమే. ఓడలోంచి ఇల్లంత ట్రాన్స్‌ఫార్మర్ని లారీ మీదికి దించుతుంటే సగంలో వాన అందుకున్నా, కింద ఉన్నవాళ్లంతా చెదిరి పారిపోయినా, దాన్ని గాలిలో అలాగే నిలిపి ఉంచి, వాన వెలిశాక పూలబుట్టలా దించింది ఆమే. నీళ్లలో మునిగిన పడవని ఒక్క పలక విరగకుండా పైకి లాగింది ఆమే. ఆమె దగ్గర పని నేర్చుకున్నవాళ్లు ఇప్పుడు నాలుగు రేవుల్లో క్రేన్లు నడుపుతున్నారు. ఇన్ని చేసిన మనిషి సంతకం మాత్రం ఒకటో తరగతి పిల్ల పలక మీద రాసినట్టు ఉంటుంది. ఏ అక్షరానికి ఆ అక్షరం విడివిడిగా, ఒకదాన్నొకటి తాకకుండా, బస్సు కోసం వరసలో నిలబడ్డ మనుషుల్లా.

ఆ సంతకం చూసినప్పుడల్లా ఆమె మేనమామకి పంటికింద రాయి పడ్డట్టు ఉండేది.

మేనమామ దస్తావేజులు రాసే లేఖరి. పల్లెటూరి బడిలో ఐదు తరగతులు చదివి, ముసలి లేఖరి ఒకాయన దగ్గర గొలుసుకట్టు నేర్చుకున్నాడు. కలం కాగితం మీద పెడితే మాట పూర్తయ్యేదాకా ఎత్తకుండా, అక్షరానికి అక్షరం తగిలించుకుంటూ పోయే రాత అది. ఆయన రాసిన దస్తావేజుని ఇంతవరకూ ఏ రిజిస్ట్రారూ దిద్దమని వెనక్కి పంపలేదు. సంతకం రాని వాళ్లెవరైనా వస్తే ముందు దస్తావేజు రాసేవాడు కాదు. పలకా బలపమూ ఇచ్చి, వీధి గదిలో బల్ల మీద కూర్చోబెట్టి, పేరుని ఒక్క గీతలో చుట్టడం నేర్పేవాడు. "ఎత్తకు, ఎత్తకు, కలం ఎత్తావంటే అక్కడ సందు పడుతుంది. సందు ఉన్నచోట ఎలుక దూరుతుంది," అనేవాడు. ఆయన వయసులో ఉన్న రోజుల్లో ఒకడు ఎదుటివాడి సంతకంలో ఖాళీ చూసి రెండు అక్షరాలు ఇరికించి, మనిషినే మార్చేశాడు. ఆ వ్యాజ్యంలో ఇల్లు పోయింది ఎవరిదో కాదు, ఆయనకి రాత నేర్పిన ముసలి లేఖరిది. అందుకే ఆ పట్టు. బజారులో సగంమంది సంతకాలు ఆయన నేర్పినవే. కూరగాయల కొట్టామె సంతకం చూసి బ్యాంకువాళ్లు "ఏ కాలేజీలో చదివారమ్మా?" అని అడిగారంటే ఆ ఘనత ఆయనదే.

ఊరందరికీ నేర్పినవాడు ఇంట్లో పిల్లకి నేర్పలేకపోయాడు. కొక్కెం ఆయన చెల్లెలి కూతురు. తల్లి పోయాక ఆ ఇంట్లోనే పెరిగింది. ఆ పిల్ల బడికి వెళ్లే నాటికి కాపీ రాత పీరియడు తీసేసి కంప్యూటర్ పీరియడు పెట్టారు. మేనమామ కూర్చోబెడితే రెండు గీతలు గీసి "చేయి నొప్పి మావయ్యా" అని లేచిపోయేది. రేవులో పనికి చేరాక ఆ రెండు గీతలూ పోయాయి. మొదట్లో ఆమె పని క్రేన్ మీద కాదు, కింద. సామానుకి ఇనప తాళ్లు చుట్టి బిగించే పని. ఆ తాళ్లు లాగిన చేతులకి కలం పుల్లలా ఆనేది.

ఆ ఇల్లు రెండు సగాలు. వెనక సగం మేనమామది. వీధివైపు సగం చెల్లెలిది, ఇప్పుడు కొక్కేనిది. కానీ ఏ గోడా ఎవరినీ విడదీయలేదు. వీధి గదిలో మేనమామ బల్ల ఉంటుంది, వెనక అత్తయ్య వంటిల్లు ఉంటుంది, మేడ మీద గదిలో కొక్కెం. పక్కింట్లో జిరాక్స్ షాపు. షాపాయన ఒకప్పుడు మేనమామ దగ్గర శిష్యరికం చేసి, సగంలో మానేసి కంప్యూటర్ కొనుక్కున్నాడు. ఇప్పటికీ "గురువుగారూ" అంటూనే ఉంటాడు. అంటూనే ఆ వీధివైపు సగం మీద కన్నేశాడు. గోడ కొట్టేస్తే షాపు రెండింతలవుతుందని నలుగురితో అన్నాడు. నాలుగో వాడు మేనమామ చెవిలో వేశాడు.

అప్పుడే కొక్కేనికి దూరపు రేవునుంచి పిలుపొచ్చింది. అక్కడ కొత్త క్రేన్లు నిలబెడుతున్నారు, ఆర్నెల్లు వచ్చి నడిపి పెట్టమన్నారు. ఆమె లేని సమయంలో ఏం జరుగుతుందోనని మేనమామకి బెంగ పట్టుకుంది. వీధి సగం పోతే వెనక సగానికి దారే లేదు. బల్ల పోతుంది, దారి పోతుంది, ఆ వయసులో ముసలి దంపతులు ఎక్కడికి పోవాలి?

"ఒక కాగితం రాసుకుందామే," అన్నాడు ఒక పొద్దున. "ఒకరికి చెప్పకుండా ఇంకొకరు తమ సగం అమ్మకూడదని. అంతే. మంచికే."

"రాయండి మావయ్యా, పెడతా," అంది కొక్కెం బూట్ల తాళ్లు కట్టుకుంటూ.

అత్తయ్య వంటింట్లోంచి, "మేనకోడలితో కాగితం రాయించుకునే మేనమామని ఇప్పుడే చూస్తున్నా. నాతోనూ రాయించుకోండి, ఉప్పు సరిగ్గా వేస్తానని," అంది.

"నీ ఉప్పుకి ఏ కాగితమూ ఆగదు," అన్నాడాయన.

కాగితం ఆయనే రాశాడు, గొలుసుకట్టులో, ఒక్క కొట్టివేత లేకుండా. కింద తన సంతకం పెట్టాడు. కొక్కెం నిలబడే వంగి తన పేరు రాసింది. ఒక్కో అక్షరం రాసి, కలం ఎత్తి, మళ్లీ దించి. ఆమె కలం ఎత్తినప్పుడల్లా ఆయన ఊపిరి ఆగింది.

మర్నాడు రిజిస్ట్రేషన్‌కి వెళ్లేలోగా నకలు కావాలని పక్క షాపుకి తీసుకెళ్లాడు. అక్కడే వచ్చింది తంటా. జిరాక్స్ ఆయన కాగితం గాజు పలక మీద పెట్టబోతూ ఆగి, కళ్లజోడు సర్దుకుని చూశాడు.

"గురువుగారూ, పేరు కనిపిస్తోంది గానీ సంతకం ఏదండీ?"

"అదే సంతకం."

"ఇదా? ఇది పేరు రాసినట్టుందండీ. సంతకం అంటే మీరు నేర్పినట్టు చుట్టాలి కదా. ఇలాంటివి నా కంప్యూటర్లో కొడితే ఇంతకన్నా బాగా వస్తాయి. రేపు ఎవరైనా 'ఇది నాది కాదు' అంటే ఏం చూపిస్తారు?" అని, వెంటనే నాలిక కరుచుకున్నట్టు, "మన అమ్మాయి అలా అంటుందని కాదులెండి. ఊరికే అన్నా," అన్నాడు.

ఊరికే అన్నమాట ఊరికే పోలేదు. మేనమామ బుర్రలో దూరి కాపురం పెట్టింది. పుట్టినప్పటినుంచీ చూస్తున్న పిల్ల. అయినా కొత్తగా చూడటం మొదలెట్టాడు. ఎందుకు నిలబడే రాసింది? చదివిందా అసలు? కావాలనే కలం ఎత్తిందా? ఆ సాయంత్రం ఆమె మేడ మెట్ల మీద ఉండగా, "ఇదిగో, ఈ చిత్తు కాగితం మీద ఒకసారి సంతకం పెట్టు," అన్నాడు. పెట్టింది. "ఇంకోసారి." పెట్టింది. రెండూ పక్కపక్కన పెట్టి చూసుకున్నాడు. అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉన్నాయి. ఆయన వృత్తిలో అదింకా పెద్ద అనుమానం. బతికున్న మనిషి సంతకం పొద్దున ఒకలా, సాయంత్రం ఒకలా ఉంటుంది. దొంగ సంతకమే ఎప్పుడూ ఒకేలా ఉంటుంది. మరి సొంత సంతకమే దొంగ సంతకంలా ఉంటే ఏమనుకోవాలి?

"ఒక్కసారి కలిపి రాయవే. నా కోసం."

"నాకు రాదు మావయ్యా. వస్తే పెట్టనా?"

"రాదా, ఇష్టం లేదా?"

కొక్కెం తల పక్కకి వాల్చి ఆయన్ని చూసింది. ఏమీ అనకుండా పైకి వెళ్లిపోయింది. జవాబు చెప్పకపోవడం కూడా ఆయన లెక్కలో చేరింది.

మర్నాడు పొద్దున్నే పాలు తేవడానికి బయటికి వెళ్లబోతూ ఆయన తలుపు వెనకే ఆగిపోయాడు. గేటు దగ్గర జిరాక్స్ ఆయన, కొక్కెం. షాపాయన ఏదో చెబుతున్నాడు, చేతులు ఇంత వెడల్పు చాపి గోడ చూపిస్తున్నాడు. కొక్కెం చేతులు కట్టుకుని వింది. చివరికి ఆమె అన్న మాట ఒక్కటే ఈయనకి వినపడింది. "వచ్చాక చెప్తా."

లేదు అనలేదు. వచ్చాక చెప్తా అంది. పాల గిన్నె పట్టుకుని ఆయన మళ్లీ లోపలికి వచ్చేశాడు.

"పాలేవీ?" అంది అత్తయ్య.

"పాలు పొంగిపోయాయి."

"గిన్నెలో పాలే లేవు, పొంగడమేంటి?" అని ఆవిడ నోరు తెరిచింది.

రిజిస్ట్రేషన్ ఆఫీసు రెండు వీధుల అవతల. గోడలకి సగం దాకా ఆకుపచ్చ రంగు, పైన సున్నం, కిటికీల్లో దస్త్రాల కట్టలు. మేనమామని అక్కడ తెలియని వాళ్లు లేరు. బంట్రోతు లేచి కుర్చీ వేశాడు. రిజిస్ట్రారు కొత్తగా వచ్చిన ఆవిడ, చిన్న వయసు, ఆమె కూడా కాగితం చూసి, "మీ రాత గురించి విన్నానండీ. చూడ్డం ఇదే," అంది. ఇంకో రోజైతే ఆ మాటకి ఆయన ఛాతీ ఉబ్బేది. ఆ రోజు ఉబ్బలేదు.

రిజిస్ట్రారు కొక్కెం వైపు తిరిగి, "ఇది మీరు పెట్టిన సంతకమేనా?" అని అడిగింది.

"నాదేనండీ."

"మనస్ఫూర్తిగానే పెట్టారా?"

"ఆ."

రిజిస్ట్రారు ముద్ర చేతిలోకి తీసుకుంది. అంతే, అక్కడితో పని అయిపోయేది. మేనమామ గొంతు సవరించుకున్నాడు.

"అమ్మా, ఒక్క మనవి. సంతకం విడి అక్షరాల్లో ఉంది కదా. కలిపి రాయని సంతకం చట్టం ముందు నిలుస్తుందంటారా?"

"చట్టంలో కలిపి రాయాలని ఎక్కడా లేదండీ. గీత గీసినా, పేరు రాసినా, ఏం పెట్టినా, పెట్టింది నేనే అని ఆ మనిషి ఒప్పుకుంటే చాలు."

"రేపు ఒప్పుకోకపోతే?"

వెనక బల్ల మీద వంతు కోసం కూర్చున్నవాళ్లు మెడలు చాచారు. కొక్కెం ఆయన వైపు తిరిగింది గానీ ఆయన ఆమె వైపు తిరగలేదు.

"ఒప్పుకోని వాళ్లకి మీ గొలుసుకట్టు కూడా అడ్డం రాదు కదండీ," అంది రిజిస్ట్రారు మెల్లగా.

"పక్కన వేలిముద్ర కూడా వేయిద్దాం అమ్మా. నా తృప్తి కోసం."

దస్తావేజు మీద పేరు దగ్గర వేలిముద్ర ఎవరు వేస్తారో అక్కడున్న వాళ్లందరికీ తెలుసు. సంతకం రానివాళ్లు వేస్తారు. పలక పట్టుకోని వాళ్ల చేత కూడా సంతకం పెట్టించాలని నలభై ఏళ్లు కష్టపడ్డ మనిషి, సొంత చెల్లెలి కూతురిని, నాలుగు రేవులకి పని నేర్పిన మనిషిని, వేలు చాపమన్నాడు. బంట్రోతు సిరా దిమ్మ తెచ్చి బల్ల మీద పెట్టాడు గానీ, మూత తీయకుండా నిలబడ్డాడు.

మూత కొక్కెమే తీసింది. ఎడమ బొటనవేలు దిమ్మ మీద అద్ది, తన పేరు పక్కన గట్టిగా నొక్కింది.

అందరూ వంగి చూశారు. గుండ్రటి నల్ల మరక. దానిలో ఒక్క గీత లేదు. చుట్టు లేదు, సుడి లేదు. కాగితం మీద సిరాబుడ్డి ఒలికితే పడ్డ చుక్క ఎలా ఉంటుందో అలా ఉంది.

"సిరా ఎక్కువైందేమో," అన్నాడు మేనమామ. "ఇంకో వేలు వేద్దామా?"

కొక్కెం రెండు చేతులూ తిప్పి బల్ల మీద పెట్టింది. వేళ్ల కొసలు నీళ్లలో నానిన గులకరాళ్లలా నున్నగా ఉన్నాయి. "ఏ వేలైనా ఇంతే మావయ్యా. ఇనప తాళ్లు లాగినన్నాళ్లు గీతలన్నీ తాళ్లకే పోయాయి. రేవులో వేలు పెట్టే మిషన్ నన్ను గుర్తుపట్టదు. అందుకే అక్కడ నా పేరు రాయించుకుంటారు. ఈ అక్షరాలు చూసే నేను వచ్చానని నమ్ముతారు."

రిజిస్ట్రారు చేతిలో ముద్ర అలాగే ఉంది. "సంతకం చాలమ్మా. మీరు ఒప్పుకున్నారు. చేసేయమంటారా?"

కొక్కెం బంట్రోతు ఇచ్చిన గుడ్డతో వేలు తుడుచుకుంది. చాలాసేపు తుడిచింది.

"వద్దండీ. ఇప్పుడు ఒప్పుకోవట్లేదు."

"అమ్మాయ్," అన్నాడు మేనమామ.

"మీరే అన్నారుగా, రేపు ఒప్పుకోకపోతే అని. రేపటిదాకా ఎందుకు?" అంది. ఆమె గొంతు పెంచలేదు. క్రేన్ మీద కూర్చున్నప్పుడు కూడా గొంతు పెంచని మనిషి ఆమె. "నమ్మితే కాగితం అక్కర్లేదు. నమ్మకపోతే ఏ కాగితం రాసి ఏం లాభం? పదండి, సామాను సర్దుకోవాలి."

ఇంటికి ఇద్దరూ వీధికి రెండు పక్కలా నడిచి వచ్చారు. విషయం విన్న అత్తయ్య చేతిలో గరిటె పొయ్యి మీదే వదిలేసింది.

"వేలిముద్రా? దాని చేతా?"

"ముందు జాగ్రత్త."

"ఏం జాగ్రత్తండీ అది! మన వేలితో మన కన్నే పొడుచుకోవడం అంటే ఇదే. ముద్ర పడబోయే కాగితాన్ని నోరు పారేసుకుని ఆపుకున్నారు. అసలా మాట మీ చెవిలో ఊదిందెవరు?"

జిరాక్స్ వాడని చెప్పబోయి ఆయన ఆగిపోయాడు. అప్పుడు తట్టింది. ఆ కాగితం రిజిస్టరైతే నష్టం ఎవరికి? కాకపోతే లాభం ఎవరికి? సంతకం నిలవదని చెప్పినవాడు ఎవరు, గోడ కొట్టాలనుకుంటున్నవాడు ఎవరు? నలభై ఏళ్లుగా ఊరందరి సంతకాల్లో సందులు వెతికిన మనిషి, పక్కింటివాడి మాటలో సందు చూసుకోలేదు. కొక్కెం మీద ఉన్న అనుమానం ఇప్పుడు జిరాక్స్ ఆయన మీదికి ఎక్కింది. కానీ కొక్కెం మీదనుంచి పూర్తిగా దిగనూ లేదు. వచ్చాక చెప్తా అన్న ముక్క ఇంకా అలాగే ఉంది.

మధ్యాహ్నం బస్సు. సంచీ ఆయనే మోశాడు, ఆమె ఇవ్వనన్నా లాక్కుని. బస్టాండులో జనం. ఆమె కిటికీ పక్కన కూర్చుంది. ఆయన కింద నిలబడి కిటికీ చువ్వ పట్టుకున్నాడు. క్షమించమనడం ఆయనకి రాదు. అడగడం వచ్చు.

"ఆ జిరాక్స్ వాడికి ఏం చెప్పావే?"

"వచ్చాక చెప్తానన్నా."

"అదే, ఏం చెప్తావని?"

"మీకూ వచ్చాకే చెప్తా," అంది. నవ్విందో లేదో ఆయనకి తెలియలేదు. ఎండ కళ్లలో పడుతోంది. "మందులు టైముకి వేసుకోండి. అత్తయ్య మీద అరవకండి."

బస్సు కదిలింది. ఆయన చువ్వ వదలడం మర్చిపోయి నాలుగడుగులు దాంతో పాటే నడిచాడు. కండక్టరు "పెద్దాయనా, చెయ్యి!" అని అరిస్తే వదిలాడు.

ఇంటికి వచ్చేసరికి జిరాక్స్ ఆయన షాపు మెట్టు మీద నిలబడి ఉన్నాడు, చేతిలో టీ గ్లాసుతో.

"అయిందా గురువుగారూ రిజిస్ట్రేషను? సంతకానికి ఏమీ అడ్డం చెప్పలేదు కదా?"

మేనమామ జన్మలో రాతలో అబద్ధం ఆడినవాడు కాదు. నోటితో కూడా పెద్దగా ఆడలేదు. ఆ పూట మాత్రం గొలుసుకట్టులా ఒక్క ఊపిరిలో చుట్టేశాడు.

"అయిపోయింది. సంతకమూ అయింది, వేలిముద్ర కూడా అయింది. ఇక ఆ గోడని దేవుడొచ్చినా కదపలేడు."

జిరాక్స్ ఆయన టీ గుక్క మింగడం ఒక్క క్షణం ఆలస్యమైంది. ఈయన అది చూశాడు. "మంచిదండీ, మంచిదే. నకలు తీసివ్వమంటారా?" అన్నాడు ఆయన.

"పెట్టెలో పెట్టి తాళం వేశా."

"తాళం తీస్తే వస్తుంది కదండీ."

"అమ్మాయి వచ్చాకే తీస్తా."

లోపల అత్తయ్య అంతా విని, వీధి తలుపు దగ్గరగా వేసింది. "బాగానే ఉంది. వాడు దానికి ఫోను చేసి అడిగితే?"

"చేస్తాడంటావా?"

"చెయ్యకుండా ఉంటాడా? దాని నంబరు వాడి దగ్గర లేదనుకుంటున్నారా?"

ఆయన బల్ల దగ్గర కూర్చున్నాడు. పక్క గోడ అవతల జిరాక్స్ మిషన్ చప్పుడు ఆగి ఉంది. ఇంత సేపు ఎప్పుడూ ఆగలేదు. వాడు ఫోను చేస్తున్నాడేమో. ఆమె ఏమంటుంది? లేదు, కాగితం కాలేదు అంటుందా? లేక మావయ్య చెప్పిందే నిజం అంటుందా? ఆమె ఏమన్నా, దాన్ని పట్టుకోవడానికి ఆయన చేతిలో ఒక్క అక్షరం లేదు, కలిపి రాసింది గానీ విడిగా రాసింది గానీ. ఇల్లు ఉంటుందో పోతుందో ఆ పిల్ల నోటి మాట మీద ఉంది.

చెవి గోడకి ఆనించి కూర్చున్నాడు. అత్తయ్య అది చూసి, తిట్టబోయి, తనూ వచ్చి పక్కన కూర్చుంది.

"వచ్చేది ఎప్పుడని చెప్పింది?" అన్నాడాయన గుసగుసగా.

"ఆర్నెల్లయ్యాక. నవంబరు ఇరవై ఆరు, గురువారం."